ప్రేరణకు ముందున్న సాధన: దాశరథి చెరసాల పద్యం

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలు 2016 వరకు నిజామాబాదు జిల్లాలో అంతర్భాగాలు. ఆ జిల్లాకేంద్రంలోని ఖిల్లా జైలులో నిజాం ప్రభుత్వం బంధించినప్పుడు దాశరథి కృష్ణమాచార్య గోడపై బొగ్గుతో పద్యాలు రాశారు. దీనిని కేవలం నిర్బంధం కలిగించిన ప్రేరణగా భావించడం పరిపాటి. కాని, సహఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి జైలు జీవితాన్ని ‘జైలు లోపల’ కథలుగా మలిచారు. నిర్బంధం ఒక్కటే, రూపాలు రెండు. ఈ భేదానికి కారణం కాంక్షలో కాదు, సాధనలో వెతకాలి. దండి ప్రతిభతోపాటు శ్రుతాన్నీ, అభియోగాన్నీ కావ్యహేతువులుగా చెప్పాడు. కాగితం లేనిచోట పద్యాన్ని జ్ఞాపకంలో నిలిపేవి యతిప్రాసలు. అవి ముందే వశమై ఉన్నందువల్లనే కాంక్ష గోడపై పద్యమైంది. కనుక 1949 నాటి ‘అగ్నిధార’ను అంచనా వేసేటప్పుడు చెరసాలతోపాటు అంతకుముందటి ఛందస్సాధననూ పరిగణించాలి. లేకుంటే కవి శ్రమను జైలు ఖాతాలో జమ చేసినవారమవుతాం.