వెనుక కూర్చున్నవారి యాత్ర

మోటారు సైకిలుపై దంపతులు సముద్రతీరము వెంబడి దినములతరబడి పయనించి, రాత్రులు ఇసుకతిన్నెలమీద డేరా వేసికొని, తిరిగివచ్చి తమ యాత్రను వ్రాసి ప్రకటించుట ఇటీవల మనలో ఒక వాఙ్మయశాఖవలె పెరుగుచున్నది. ఇట్టి వ్రాతలు నేను చాల చదివితిని. ఒకటి నేనును వ్రాసితిని. దానికి ఇంటిలో జరిగిన విమర్శయే ఈ వ్యాసమునకు మూలము గనుక ఆ సంగతి ముందుగా చెప్పుట న్యాయము.

గత సంక్రాంతి సెలవులలో నేనును నా భార్యయు కాకినాడనుండి ఉప్పాడ మీదుగా విశాఖపట్టణమునకును, అచ్చటినుండి భీమునిపట్టణమునకును పోతిమి. మూడు దినములు, రెండు రాత్రులు. ఒక రాత్రి రేవుపోలవరము వద్ద సరుగుడు తోట యంచున డేరాలో గడపితిమి. ఇల్లు చేరిన పిమ్మట ఎనిమిది పుటల వ్యాసము వ్రాసితిని. అలలను వర్ణించితిని, బండి నడిపిన నేర్పును, వర్ణించలేదని తోచునట్లుగా వర్ణించితిని. తోడి ఉపాధ్యాయులు మెచ్చుకొనిరి. నా భార్య మాత్రము రెండు పర్యాయములు చదివి, కాగితములను బల్లమీద పెట్టి, "అంతా బాగుందండీ. ఇందులో నేనెక్కడున్నాను?" అని అడిగెను.

"ప్రతి పుటలోను 'మేము' అని యున్నది గదా" యంటిని.

"ఆ మేములో ఉన్నది మీరొక్కరేనండీ" అని నవ్వెను. నవ్వెను గాని విడువలేదు.

కాకినాడనుండి ఉప్పాడకు పోవు తీరపుబాట చూచినవారికి దాని దుఃస్థితి తెలియును. సముద్రము ఆ తీరమును ఏటేట కోసికొనిపోవుచున్నది. అడ్డుగా పోసిన పెద్ద రాళ్లను సయితము తుపానునాటి అలలు దాటివచ్చి బాటను చీల్చివేయును. అచ్చట గుంటలు తప్పించుచు నేను బండి నడిపిన విధమునకు ఒక పుట పట్టినది. అదే పుటలో, ప్రక్కనున్న పల్లె 'నిర్జనముగ నుండెను' అని వ్రాసితిని. అది నిర్జనము కాదట. సగము కూలిన యొక యింట మిగిలిన గోడకు పంచాంగపు క్యాలెండరు ఇంకను వ్రేలాడుచుండెనట. ఆ గోడ నీడలోనే ఒక ముసలామె చేపలు ఎండబెట్టుకొనుచు మావంక చూచి చేయి ఎత్తెనట. నా భార్యయు చేయి ఎత్తెనట. బండి నడుపువానికి బాటయే లోకము. ప్రక్కకు చూచుటకు తీరిక వెనుక కూర్చున్నవారికే గలదు. నేను చూడనిది లేదని వ్రాసితిని, చూచినామెను అడుగక.

రెండవ సంగతి ఇంతకంటె బరువైనది. ఒకనాడు తెల్లవారినది మొదలు మధ్యాహ్నమువరకు ఎచ్చటను ఆగక ప్రయాణము చేసితిమని నేను గర్వముగ వ్రాసియుంటిని. "ఆగకపోవడం మీకు గొప్ప. నేను పొద్దుట్నించీ మంచినీళ్లు ముట్టలేదు, తెలుసాండీ?" అనెను. ఏల యని అడిగితిని. అడుగవలసి వచ్చినందుకు ఇప్పటికిని సిగ్గుగనే యున్నది. మగవాడు బాటప్రక్క ఏ తుప్పచాటున నైనను నిలువవచ్చును. ఆడుదానికి తలుపు గల మరుగుదొడ్డి కావలెను. అది ఎన్నడు దొరకునో తెలియదు గనుక నీరు త్రాగుట మానుకొనవలెను. ఇరువది యేండ్ల కాపురమునందు, తీర్థములకును పెండ్లిండ్లకును కలిసి తిరిగిన ప్రయాణములన్నిటియందు, ఆమె ఇట్లే చేయుచున్నదని నాకు ఆనాడు తెలిసినది. 'ఆమె ఎంతయో సంతోషముగ నుండెను' అన్న వాక్యము నా వ్యాసమున మూడు చోట్ల నుండెను.

ఈ తప్పు నాయొక్కనిదే కాదని సమాధానపడుటకు గ్రంథములు తీసితిని. బడిపంతులుకు అంతకంటె దిక్కేమున్నది?

దంపతులు సముద్రతీరమును చూచుచు వాహనముపై పోవు ఘట్టమనగానే సంస్కృతము చదివినవారికి రఘువంశమున పదుమూడవ సర్గ జ్ఞప్తికి వచ్చును. పుష్పకముపై లంకనుండి మరలుచు రాముడు సీతకు సముద్రమును చూపించును. దూరమునుండి తీరము, తమాల తాళీ వనములచే నల్లనై, ఇనుపచక్రము అంచున పట్టిన మరకగీటువలె కనబడును. అంతలోనే విమానవేగమున దగ్గరపడి, ముత్యపుచిప్పలు పగిలిన ఇసుకయు, పండ్లబరువున వంగిన పోకచెట్లును కనబడును. వెనుకకు తిరిగి చూడుమనియు రాముడు చెప్పును; అట్లు చూచినచో సముద్రమునుండి భూమి పైకి లేచుచున్నట్లు తోచునట. వేగముగ పోవువాని కంటికి దేశము ఎట్లు మారునో ఇంత నిజముగ చెప్పిన కవి మరియొకడు నాకు తెలియడు. అయినను ఆ సర్గయందు సీత ఒక్క మాట పలుకదు. కిటికీనుండి చేయి చాచి మేఘమును తాకును. మెరుపు ఆమె చేతికి రెండవ కంకణమగును. అంతే. ఆ చేయి ఒక్కటే ఆమె యాత్ర.

వాల్మీకియందు ఇట్లు లేదు. అచ్చట పుష్పకము కిష్కింధపైకి రాగానే సీత నోరు తెరచి, తార మొదలగు వానరస్త్రీలను వెంటబెట్టుకొని అయోధ్యకు పోవలెనని కోరును. రాముడు విమానమును ఆపించును. వెనుకనున్నామె మాటపై వాహనము ఆగుట, మరికొందరు స్త్రీలు అందు ఎక్కుట ఆదికావ్యముననే గలదన్నమాట. కాళిదాసు దీనినేల విడిచెను? చాలకాలము ఇది లోపమని నేను తలచితిని. ఇప్పుడట్లు తలపను. పదునాలుగవ సర్గలో సీతను అడవిలో విడిచిపెట్టినప్పుడు, ఆ రాజుతో నా మాటగా చెప్పుమని లక్ష్మణునితో ఆమె పలికిన పలుకులున్నవి. విమానమున వినబడని కంఠము అచ్చట వినబడును. అందుచేతనే చదువరి గుండెను కోయును. కాళిదాసు పెట్టిన మౌనము ఎరిగి పెట్టినది. మన యాత్రారచయితలము పెట్టుచున్నది ఎరుగక పెట్టునది.

ఆంగ్లమున మోటారు సైకిలు యాత్రకు మిక్కిలి పేరుపొందిన గ్రంథము రాబర్ట్ పిర్సిగ్ 1974లో ప్రకటించిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్ సైకిల్ మెయింటెనెన్స్'. 1968లో అతడు పదునొకండేండ్ల కుమారుని వెనుక కూర్చుండబెట్టుకొని మిన్నెసోటానుండి పసిఫిక్ తీరమువరకు పోయిన యాత్ర దానికి ఆధారము. దారిలో కొంతవరకు దంపతుల జంట యొకటి మరియొక బండిపై తోడు వచ్చును. గ్రంథమున సింహభాగము తండ్రి చింతనయే. గుణమనగా నేమి, యంత్రమునకును మనస్సునకును సంబంధమేమి యని వందల పుటలు. తుదకు కాలిఫోర్నియా తీరమున బాలుడు బండిమీదనే లేచి నిలువబడి తండ్రి భుజముల మీదుగా మొదటిసారి ముందుకు చూచును. ఇంతకాలము నీకు కనబడినది ఏమని అడిగినచో, తండ్రి వీపని తేలును. అంత తత్త్వము చెప్పిన గ్రంథమును ఆ చిన్న జవాబు తలక్రిందులు చేయుచున్నది. తన గ్రంథమును తానే అట్లు విమర్శించుకొనుటకు వెనుదీయనందుకు పిర్సిగ్‌కు నమస్కరించెదను. అయితే అది తుది పుటలవరకు ఆగవలసిన ప్రశ్న కాదని నా భార్య యభిప్రాయము.

వెనుక కూర్చున్నామె స్వయముగ వ్రాసిన గ్రంథమును ఒకటి కలదు. హలీనా కొరోలెట్స్ బుయకోవ్‌స్కా అను పోలండు యువతి భర్త స్టానిస్లావ్‌తో కూడి 1934లో బి.ఎస్.ఏ. బండిపై బయలుదేరి 1936లో షాంఘై చేరెను. ఆమె వ్రాతలు గ్రంథరూపమున వెలువడినది 2011లో. డెబ్బదియైదేండ్ల యాలస్యము! పోలిషు భాష నాకు రాదు గనుక గ్రంథగుణమును గూర్చి చెప్పజాలను. పేరునకు మాత్రము అర్థము తెలిసికొంటిని: 'నా చిన్నవాడు, మోటారు, నేను.' మోటారుకు తరువాత తాను! ఇది వినయమో, వేళాకోళమో. నా భార్య వేళాకోళమే యన్నది.

మనవారి వ్రాతలకు మరలుదము. వాటిలో బండి గుఱ్ఱపుబలము, పెట్రోలు లెక్క, దినమునకు ఎన్ని కిలోమీటర్లు అనునవి పుష్కలము. భార్య తప్పక రెండు చోట్ల వచ్చును. మొదట భయపడును, పిమ్మట ఆనందించును. ఛాయాపటమున సముద్రమువంక తిరిగి నిలిచి యుండును. మనకు ఆమె జడ కనబడును. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, కాశికి పోయి, తూర్పుతీరపు దారిన మరలి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. 1838లో అచ్చయిన వారి కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకి దిగుటకు తావున్నదా, నీరు మంచిదా, అంగళ్లున్నవా యని వ్రాసియున్నారు. కొందరికి అది విసుగు పుట్టించును. నాకు నీటి సంగతి వినిన నాటినుండి ఆ వాక్యములే కావ్యముగ తోచుచున్నవి. పెద్ద పరివారమును వెంటగొనిపోయిన బాధ్యత గల గృహస్థు అట్లుగాక మరెట్లు వ్రాయును? నేటి దంపతుల యాత్రలో ఏ యూర మరుగుదొడ్డి కలదో ఒక్క వాక్యమైనను నేను చూడలేదు. ఇది వ్రాసినచో చదువుకొన్న ఇల్లాండ్రు పదిమంది ఇల్లు కదలుదురు. అలల వర్ణన చదివి ఎవరును కదలరు.

స్త్రీలే బండి నడిపినచో ఈ గొడవయే లేదు గదా యని కొందరనవచ్చును. నడుపవలసినదే. థెరెసా వాలక్, ఫ్లారెన్స్ బ్లెంకిరన్ అను ఇరువురు స్త్రీలు 1934లో లండనునుండి బయలుదేరి సహారా దాటి 1935లో కేప్‌టౌను చేరిరి. మా అమ్మాయియు నేర్చుకొనుచున్నది. తల్లిని వెనుక కూర్చుండబెట్టుకొని తిప్పుచున్నది. కాని మొన్న ఆ పిల్ల తిరిగివచ్చి మాకు చెప్పిన కథలోను తల్లి లేదు!

రేవుపోలవరపు రాత్రి సంగతి యొకటి మిగిలినది. నా వ్యాసమున అది నక్షత్రములతో ముగిసినది, నిదురపోయితిని గనుక. ఆమె తెల్లవారుజామున లేచి నీటివైపు పోగా, తడి యిసుకపై తాబేలు వచ్చిపోయిన జాడ, చిన్న బండిచక్రము దొర్లినట్లు, రెండు వరుసలుగ కనబడెనట. చలికాలమున గ్రుడ్లు పెట్టుటకు సముద్రపు తాబేళ్లు మన తీరమునకు వచ్చునని బడిలో పాఠము చెప్పువాడను నేనే. దీపముల వెలుగునకు వాని పిల్లలు దారి తప్పునని చెప్పువాడనును నేనే. ఆ రాత్రి డేరాకు దీపము వ్రేలాడదీసి నిదురించిన వాడనును నేనే, ఆర్పినది ఆమె.

వ్యాసమును మరల నీవే వ్రాయుమని ఆమెను కోరితిని. వంట ఎవరు చేయుదురని అడిగెను. చేసెదనంటిని. రెండు ఆదివారములు చేసితిని కూడ. ఆమె నా ఎనిమిది పుటలను ముందుంచుకొని, పెన్సిలుతో 'నిర్జనముగ' అను మాటను కొట్టివేసి, అంచున ముసలామెను గూర్చి నాలుగు పంక్తులు వ్రాసినది. మూడవ పుటవరకు వచ్చినది. పంపుటకు తొందరలేదు.