నీడయే వస్తువు: ఎండవీధి చిత్రమును గూర్చి

కామీ పిస్సారో 1872లో చిత్రించిన "వ్వాజన్ గ్రామప్రవేశము" పారిస్ నగరమందలి ఓర్సే చిత్రశాలలో నున్నది. అందు ఘనమైన సంఘటన యేదియు లేదు. ఇరువైపుల చెట్లు గల బాట, దానిపై ఒక గుఱ్ఱపుబండి, బాట కడ్డముగా సాగిన పొడవైన నీడలు, ఇంతమాత్రమే. చిత్రమున పురాణకథను వెదకుట కలవాటుపడిన వానికి ఇది వట్టి ఖాళీగా తోచవచ్చును. ఈ చిత్రకారులు 1874లో తొలిసారి తమ చిత్రములను కలసి ప్రదర్శించినపుడు, లూయి లెరువా అను విమర్శకుడు మోనే పటము పేరును పట్టుకొని వారిని "ఇంప్రెషనిస్టు"లని పరిహసించెను. ఆ పరిహాసమే వారికి శాశ్వతనామ మయ్యెను.

ఈ చిత్రమున మనము ముఖ్యముగా గమనింపవలసినది నీడ. పూర్వపు చిత్రశాలలలో నీడ యనగా గోధుమవర్ణముతో నలుపెక్కించిన భాగము. ఇంప్రెషనిస్టులు ఆరుబయట నిలిచి చూచిరి. సూర్యకిరణము సోకని చోటను ఆకాశపు వెలుగు సోకును. కావున నీడయు ఒక వెలుగే, దానికిని వర్ణ మున్నదని గ్రహించిరి. వారి నీడలకు నీలిచాయ వచ్చుటకు హేతు విదియే.

అయినచో ఆ నీలినీడలను తెచ్చి మన వీధులపై పరచిన చాలునా? ఆదోనికి చేరువనున్న ఉరుకుంద వీధిని తలచి ఈ ప్రశ్నను పరీక్షింతము. వ్వాజన్ 49వ అక్షాంశమునకు సమీపమున నున్నది. అచట సూర్యుడు ఎన్నడును 65 డిగ్రీల యెత్తునకు మించి యెక్కడు. ఉరుకుంద 15, 16 అక్షాంశముల నడుమ నున్నది. మే మాసారంభమునను, ఆగష్టు రెండవ వారమునను మధ్యాహ్నసూర్యు డిచట నడినెత్తిన నిలుచును. ఆగష్టు దినము లనగా, ఇంచుమించు ఈరన్నస్వామి దర్శనమునకు జనులు తరలివచ్చు శ్రావణమాసము. మబ్బు విడిన మధ్యాహ్నమున నీడ బాట కడ్డముగా సాగదు. మనిషి పాదముల క్రిందికి ముడుచుకొని పోవును. వీధి నడుమ తెల్లని వెలుగు మాత్రమే మిగులును. బ్రతుకంతయు అరుగుల మీదికి, చూరుల క్రిందికి, చెట్ల మొదళ్లకు చేరును. అచటి నీడకు ఆకాశముకంటె వీధిమన్నే ఎక్కువగా వన్నె పూయును. నేల తాకి పైకెగసిన కాంతి అరుగుమీద కూర్చున్నవాని గడ్డముక్రింద వెచ్చగా వెలుగును.

కాబట్టి మన ఎండవీధిని చిత్రింపబూనువాడు ఎండను ఖాళీగను, నీడను జనసమ్మర్దముగను చూపవలసియుండును. ఇట్టి దృష్టి తెలుగువారికి క్రొత్త కాదు. "ఆముక్తమాల్యద"లో వర్షర్తువును వర్ణించిన కృష్ణదేవరాయలు మేఘములతో తృప్తిపడక, తడిసిన కట్టెలతో పొయ్యి రాజేయలేక అవస్థపడు గృహిణులనుగూడ చూపెను. ఇంటిపని తెలిసినగాని ఋతువు తెలియదని ఆ కవి యెరుగును.

పిస్సారో 1830లో కరేబియన్ సముద్రమందలి సెయింట్ థామస్ ద్వీపమున జన్మించినవాడు. ఉష్ణదేశపు ఎండ అతనికి చిన్ననాటనుండియు పరిచితమే. అయినను ఆ ఎండను తెచ్చి ఫ్రాన్సు బాటపై పోయలేదు. కన్నుల యెదుట నున్నదానినే చిత్రించెను. అతనినుండి మన చిత్రకారులు స్వీకరింపదగినది నీలిరంగు కాదు, ఈ నిజాయితీ. అతని పద్ధతిని యథార్థముగా అనుసరించిన చిత్రము అతని చిత్రమువలె కనబడజాలదు. పోలికను చూచి మెచ్చుకొను విమర్శ ఈ సంగతిని గుర్తింపనంతవరకు, మన వీధులు పరదేశపు ఎండలోనే కనబడుచుండును.