మెర్కిల్ అవుట్, బెల్ అవుట్

ఆట అయిపోయిందనుకుని నడిచి వెళ్లిపోతూ అవుటైన ఆటగాళ్లు ఇద్దరున్నారు. ఒకరు 1908 సెప్టెంబర్ 23న న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో బేస్‌బాల్ ఆడిన ఫ్రెడ్ మెర్కిల్. రెండోవారు 2011 జూలై 31న నాటింగ్‌హామ్‌లోని ట్రెంట్‌బ్రిడ్జ్‌లో మన జట్టు మీద సెంచరీ దాటి ఆడుతున్న ఇంగ్లండ్ బ్యాటర్ ఇయాన్ బెల్. టీ విరామం అయ్యాక బెల్ మళ్లీ బ్యాట్ పట్టుకుని వచ్చాడు. మెర్కిల్‌కు ఆ యోగం పట్టలేదు. బెల్‌కు మంచి ప్రత్యర్థులు దొరికారు కాబట్టి అంటే అది సగం జవాబే. మిగతా సగం రెండు ఆటల నిబంధనల్లో ఉంది.

క్రికెట్‌లో రనౌట్ లెక్క అంతా చోటును బట్టే. బ్యాటర్ క్రీజు బయట ఉండగా ఆ వైపు వికెట్లను గిరాటేస్తే పని అయిపోయినట్టే. పరుగు తీయడం అతని ఇష్టం, తీయకపోయినా అడిగేవాడు లేడు. అయినా ఫీల్డర్ బంతితో అతణ్ని తాకాల్సిన అవసరం ఎప్పుడూ రాదు.

బేస్‌బాల్ అంపైర్ ముందుగా చూసుకునేది వేరు. ఈ రన్నర్‌కు పరుగెత్తక తప్పదా, లేక ఉన్నచోటే ఉండే వీలుందా? నేలబారు బంతి కొట్టిన బ్యాటర్ ఫస్ట్ బేస్‌కు పరుగెత్తి తీరాలి. ఒక బేస్ మీద ఒక్క రన్నర్‌కే హక్కు. కాబట్టి అప్పటికే ఫస్ట్ బేస్‌లో ఉన్నవాడు దాన్ని ఖాళీ చేసి సెకండ్‌కు పోవాల్సిందే. ఇలా తప్పనిసరై పరుగెత్తేవాడి కంటే ముందే ఫీల్డర్ బంతి చేతపట్టుకుని ఆ బేస్‌ను తొక్కితే చాలు, ఫోర్స్ అవుట్. వెనక నుంచి తరిమేవాడు లేనప్పుడు, అంటే సెకండ్ బేస్‌లో ఒక్కడే ఉన్నప్పుడు, రన్నర్ కదలనక్కర్లేదు. సాహసించి కదిలాడా, బేస్ తొక్కితే సరిపోదు. బంతి ఉన్న చేతితోనో గ్లవ్‌తోనో అతణ్ని తాకాలి. అది ట్యాగ్ అవుట్.

ఈ తేడా ఒక్క క్షణంలో తారుమారవుతుంది. ఫస్ట్ బేస్‌లో రన్నర్ ఉన్నాడు, బంతి నేల మీదుగా ఫస్ట్ బేస్‌మన్ దగ్గరికే వచ్చింది. అతను ముందు సెకండ్‌కు విసిరితే అక్కడ అందుకున్నవాడు బేస్ తొక్కితే చాలు. అలా కాక ముందు తన బేస్ తొక్కి, ఆ తర్వాత సెకండ్‌కు విసిరాడనుకోండి. బ్యాటర్ అప్పుడే అవుటైపోయాడు. రన్నర్‌ను తరిమేవాడు లేడు, వెనక్కి తిరిగి ఫస్ట్ బేస్‌కు పోయే హక్కు అతనికి తిరిగొచ్చింది. ఇప్పుడు అతణ్ని ట్యాగ్ చేసి తీరాలి. ఫీల్డర్ పాదం మీద ఉండాల్సిన అంపైర్ చూపు గ్లవ్ మీదికి మారాలి. విసురు అదే, రన్నర్ అతనే, తీర్పుకు ఆధారం మాత్రం మారిపోయింది.

మెర్కిల్‌ను ముంచింది ఫోర్స్ అవుట్ సూత్రం. మెర్కిల్ జట్టు న్యూయార్క్ జెయింట్స్, ప్రత్యర్థి షికాగో కబ్స్, స్కోరు 1-1. తొమ్మిదో ఇన్నింగ్స్ చివర, రెండు అవుట్లు పడ్డాయి. థర్డ్ బేస్‌లో మెకార్మిక్, ఫస్ట్ బేస్‌లో పంతొమ్మిదేళ్ల మెర్కిల్. ఆల్ బ్రిడ్‌వెల్ కొట్టిన బంతికి మెకార్మిక్ హోమ్ ప్లేట్ తొక్కాడు. జనం మైదానంలోకి పోటెత్తారు. గెలిచేశామనుకున్న మెర్కిల్ సెకండ్ బేస్ దాకా పోకుండానే దారి మళ్లాడు. కబ్స్ ఆటగాడు జానీ ఎవర్స్ బంతి తెప్పించుకుని సెకండ్ బేస్ తొక్కాడు. అతని చేతికొచ్చింది అసలు బంతేనా అన్న వాదం ఇప్పటికీ తెగలేదు. మూడో అవుట్ ఫోర్స్ అవుట్ అయితే ఆ పరుగు చెల్లదు. అంపైర్ హ్యాంక్ ఓడే అదే తీర్పు చెప్పాడు. మ్యాచ్ టైగా మిగిలింది. సీజన్ చివర రెండు జట్లూ సమంగా నిలవడంతో అక్టోబర్ 8న మళ్లీ ఆడించారు. కబ్స్ 4-2తో గెలిచి, ఆపై వరల్డ్ సిరీస్ కూడా ఎగరేసుకుపోయింది. ఆ జట్టుకు మళ్లీ ఆ టైటిల్ దక్కింది 2016లో.

బెల్ కథ టీకి ముందు ఆఖరి బంతిది. అవతలి బ్యాటర్ మోర్గాన్ కొట్టిన షాట్ ఫోర్ పోయిందనుకున్నాడు, క్రీజు వదిలి పెవిలియన్ వైపు కదిలాడు. బంతి బౌండరీ తాడును తాకలేదు. ప్రవీణ్ కుమార్ విసిరిన బంతి లోపలికొచ్చింది, అభినవ్ ముకుంద్ బెయిల్స్ పడగొట్టాడు. అప్పీల్ చేశారు, అవుటిచ్చారు. విరామంలో ఇంగ్లండ్ కెప్టెన్ స్ట్రాస్, కోచ్ ఫ్లవర్ మన డ్రెస్సింగ్ రూమ్‌కు వచ్చి అడిగారు. మన కెప్టెన్ ధోనీ అప్పీల్‌ను వెనక్కి తీసుకున్నాడు. 137 దగ్గర ఆగిన బెల్ 159 దాకా ఆడాడు. ఆ ఏడాది ఐసీసీ స్పిరిట్ ఆఫ్ క్రికెట్ అవార్డు ధోనీకే వచ్చింది.

అప్పీల్ లేనిదే క్రికెట్ అంపైర్ అవుటివ్వడు. అప్పీల్ చేసిన జట్టు కెప్టెన్ అంపైర్ అనుమతితో దాన్ని ఉపసంహరించుకోవచ్చు. అంటే తీర్పులో ప్రత్యర్థికీ ఒక వాటా ఉంది. బేస్‌బాల్‌లోనూ అప్పీల్ ఉంది కానీ కొద్ది సందర్భాలకే: రన్నర్ బేస్ తొక్కకుండా దాటిపోతే, క్యాచ్ పట్టకముందే బేస్ వదిలేస్తే. ఫోర్సూ ట్యాగూ అంపైర్ తనంతట చూసి చెప్పేవి. అవుటైనవాణ్ని పిలిచి ఆడించే హక్కు ఎదుటి జట్టుకు లేదు.

ఏది మేలు? ధోనీ పెద్దమనసును మెచ్చుకోవాల్సిందే. కానీ 2023లో లార్డ్స్‌లో బంతి అయిపోయిందనుకుని క్రీజు దాటిన బెయిర్‌స్టోను ఆస్ట్రేలియా కీపర్ కేరీ స్టంపౌట్ చేసినప్పుడు ఆ జట్టు కెప్టెన్ కమిన్స్ అప్పీల్ వదల్లేదు. కమిన్స్ తప్పు పిసరంత కూడా లేదు, నిబంధన అతని వైపే ఉంది. అయినా ఒకే రకమైన ఏమరుపాటుకు ఒక బ్యాటర్ బతికాడు, ఇంకొకడు పోయాడు. కెప్టెన్ ఎవరన్న దాని మీద ఆధారపడేదాన్ని ఔదార్యం అనొచ్చు, న్యాయం అనలేం.

అలాగని బేస్‌బాల్‌కూ పూర్తి మార్కులు వేయలేం. గెలుపు పరుగు వచ్చాక రన్నర్లు బేస్ తొక్కకుండా వెళ్లిపోవడం మెర్కిల్ రోజుల్లో మామూలే, అంపైర్లూ చూసీచూడనట్టు పోయేవాళ్లు. మెర్కిల్ అవుటైన మ్యాచ్‌కు 19 రోజుల ముందు పిట్స్‌బర్గ్‌లో ఎవర్స్ ఇదే ఫిర్యాదు చేస్తే, తాను చూడలేదని కొట్టిపారేసింది ఇదే ఓడే. అక్కడ చెల్లిన అలవాటు న్యూయార్క్‌లో నేరమైంది. బోన్‌హెడ్ (మందబుద్ధి) అన్న నింద మెర్కిల్‌ను జీవితాంతం వెంటాడింది.

నా లెక్కలో బేస్‌బాల్ సూత్రమే గట్టిది. అవుటా కాదా అన్నది ప్రత్యర్థి దయతో ముడిపడకూడదు. అయితే ఆ సూత్రానికి విలువ రావాలంటే అంపైర్ దాన్ని అందరి మీదా, అన్ని రోజులూ ఒకేలా అమలుచేయాలి. 1908లో తప్పు జరిగింది నిబంధనలో కాదు, దాని అమలులో.