పూటకో పులుపు

దీపాలు పెట్టే వేళకి మా రావులపాలెంలో ఏ ఇంట్లోంచైనా వినపడే ప్రశ్న ఒకటే: "రాత్రికేం కూర?" అడిగేవాళ్లు టీవీ ముందు కూర్చునే అడుగుతారు. జవాబు చెప్పాల్సిన మనిషి ఫ్రిజ్ తలుపు తీసి నిలబడుతుంది. నీచు వండని ఇళ్లలో ఈ నిలబడటం ఇంకాస్త ఎక్కువ. కోడిగుడ్డు అట్టు వేసి గండం గట్టెక్కే వీలు ఉండదు కదా. "ఏమున్నాయండీ కూరగాయలు, తిప్పి తిప్పి అవే బెండకాయ, దొండకాయ, వంకాయ" అని నిట్టూరుస్తారు. నేనైతే కాయల్ని ఏమీ అనను. మన పాత చేతులు రోజూ కాయని మార్చేవి కావు, పులుపుని మార్చేవి. ఇవాళ చింతపండు, రేపు నిమ్మకాయ, ఎల్లుండి మజ్జిగ. వేసవి మొదట్లో పచ్చిమామిడి, చింతచిగురు. శీతాకాలంలో దబ్బకాయ, ఉసిరికాయ. కూరగాయ ఒక్కటే అయినా కంచంలో వారం రోజుల పాటు వేరే వేరే భోజనాలు కనపడేవి.

మా ఊళ్లో ఆ ఒక్క కాయ ఏదో చెప్పనక్కర్లేదు. జొన్నాడ బ్రిడ్జి దాటి హైవే మీద వచ్చే ఎవరికైనా కోనసీమ మొదట కనిపించేది అరటి రూపంలోనే. తెల్లారేసరికి లంకల్లోంచి సైకిళ్ల మీద, ఆటోల మీద గెలలు మార్కెట్ యార్డుకి చేరతాయి. సైకిలుకి రెండు పక్కలా గెలలు కట్టేస్తే తోసుకొచ్చే మనిషి కాళ్లు తప్ప ఏమీ కనపడవు. అక్కణ్ణించి లారీలు ఒడిశాకీ, తమిళనాడుకీ పోతాయి. చక్రకేళి, కర్పూరం, అమృతపాణి పండు కోసం. కూరకి బొంత. రేటు పడిపోయిన రోజున రైతు మొహం చూడలేం గానీ, వంటింటికి మాత్రం పచ్చి అరటికాయ దండిగా వస్తుంది.

మొన్న బజార్లో కాయలు ఏరుతూ, "ఏమ్మా, ఇవాళ కోసినవేనా?" అన్నాను.

"పొద్దున్నే లంకలోంచి వచ్చాయండి. తొడిమ దగ్గర గోరు గుచ్చి చూస్కోండి, పాలు కారకపోతే డబ్బులివ్వకండి" అంది.

కారాయి. ఆ పాలే చేతికి అంటుకుని నల్లటి మరక అవుతుంది. అందుకే తరిగే ముందు చేతులకీ కత్తికీ కాస్త నూనె రాసుకోవాలి. తరిగిన ముక్క గాలి తగిలితే నల్లబడుతుంది కాబట్టి తరిగింది తరిగినట్టే పలచటి మజ్జిగలో వేసెయ్యాలి.

మొదటి రాత్రి ఆవ పెట్టిన కూర. గోదావరి జిల్లాల వంటలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఈ ఆవ పెట్టడమే. కాయల్ని చింతపండు పులుసు, పసుపు, ఉప్పు వేసి ఉడికించి, తాలింపులో మగ్గించి, పొయ్యి కట్టేశాక, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక, అప్పుడు నూరిన ఆవ కలపాలి. చాలామంది కొత్త కోడళ్లు పొయ్యి మీద ఉండగానే కలిపేసి, ఘాటు రాలేదని ఆవాల కొట్టుని తిడుతుంటారు. ఆవగింజలో ఘాటు ముందుగా తయారై ఉండదు. గింజ నలిగి తడి తగిలాక లోపలి ఎంజైము పనిలోకి దిగి అప్పటికప్పుడు ఘాటు పుట్టిస్తుంది. వేడికి ఆ ఎంజైము చచ్చిపోతుంది, పుట్టిన కాస్త ఘాటూ ఆవిరైపోతుంది. అందుకని రెండు చెంచాల ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు తీసుకుని చల్లటి నీళ్లతో మెత్తగా నూరి, పది నిమిషాలు అలా వదిలేసి, కూర చల్లబడ్డాక కలపండి. ముక్కు అదిరి, కళ్లలో నీళ్లు తిరిగితే కూర కుదిరినట్టు. పనసపొట్టుకీ, కంద బచ్చలికీ ఇదే సూత్రం. 

రెండో రాత్రి నిమ్మకాయ. అదే బొంత కాయని తొక్కతోనే ఉడకబెట్టి, ఒలిచి, చేత్తో పొడిగా చిదిమి, అల్లం పచ్చిమిర్చి ముద్ద, మినప్పప్పు, శనగపప్పు దండిగా పడ్డ తాలింపులో రెండే రెండు నిమిషాలు తిప్పి, దింపాక నిమ్మరసం పిండటమే. ఇది అన్నంలో ఎంత బాగుంటుందో చపాతీలోకీ అంత బాగుంటుంది. మూడో రాత్రి మజ్జిగ పులుసు. నానబెట్టిన శనగపప్పు, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి రుబ్బి పుల్లమజ్జిగలో కలపాలి. ఆ పప్పుముద్ద చిక్కదనానికే అనుకుంటారు. మజ్జిగ విరగకుండా పట్టి ఉంచేదీ అదే. అయినా సన్నటి సెగ మీద కలుపుతూ ఉండాల్సిందే, గలగలా మరిగిస్తే ఏ పప్పూ కాపాడలేదు. ఇందులోకి అరటికాయ ఒక్కటే కాకుండా ఆనపకాయ, ములక్కాడ తోడు వేస్తే నాకు తృప్తి. నాలుగో రాత్రి చింతపండు, బెల్లం వేసిన ముక్కల పులుసు, పక్కన ముద్దపప్పు, నెయ్యి. ఐదో రాత్రికి ఓపిక ఉండదు. కాయకి నూనె రాసి మంట మీద తొక్క నల్లబడేదాకా కాల్చి, ఒలిచి, పచ్చిమిర్చి, చింతపండుతో నూరేస్తే పచ్చడి. మీద ఒక ఉల్లిపాయ తరిగి వేసుకుంటే సరి.

ఇంకా పువ్వు, దూట మిగిలే ఉన్నాయి. అరటిచెట్టు ఒక్కసారే గెల వేస్తుంది. గెల కొట్టాక చెట్టు కొట్టేస్తారు, పక్కన పిలక లేస్తుంది. ఆ కొట్టేసిన చెట్టు లోపలి తెల్లటి దూట ఊరికే వచ్చేది, ఇప్పుడు పట్నాల్లో రేటు కట్టి అమ్ముతున్నారు. చక్రాలుగా తరుగుతూ ఉంటే ముక్కకీ ముక్కకీ మధ్య దారంలా పీచు సాగుతుంది. దాన్ని చూపుడువేలికి చుట్టుకుంటూ తీసెయ్యాలి. ఉడికించి ఆవ పెట్టినా, పచ్చిగానే సన్నగా తరిగి పెరుగులో వేసి తాలింపు పెట్టినా బాగుంటుంది. పువ్వుకి పని ఎక్కువ. ప్రతి చిన్న పువ్వులోంచీ మధ్యనుండే గట్టి పుల్లనీ, అడుగున ఉండే పలచటి రేకునీ లాగెయ్యాలి. ఇద్దరు కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ చేసుకునే పని అది, ఒక్కరే చేస్తే విసుగు. పెసరపప్పు, కొబ్బరికోరు కలిపి వండితే ఆ విసుగంతా మరిచిపోతాం. బెంగాలీలు పువ్వునీ దూటనీ మనకన్నా ఇష్టంగా వండుకుంటారు. అరటితోటల మధ్య ఉండి మనం పువ్వుని పారేస్తుంటే నాకు కాస్త కోపం వస్తుంది.

ఇక రెండో ఫిర్యాదు: "కూర బాగానే ఉందిగానీ, పదింటికల్లా ఆకలేస్తోంది." ఈ మాట చపాతీ ఇళ్లలో ఎక్కువ వింటున్నాను. షుగరు భయంతో మా వీధిలో సగం ఇళ్లు రాత్రి అన్నం మానేశాయి. రెండో మూడో చపాతీలు, పక్కన బంగాళాదుంప కూర, అయిపోయింది భోజనం. తరవాత టీవీ చూస్తూ బిస్కెట్ల పొట్లం. నిజానికి మూడు చపాతీలకీ ఒక పెద్ద కప్పు అన్నానికీ పిండిపదార్థంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. దాని మీద మళ్లీ దుంప. కంచంలోంచి జారిపోయింది పప్పు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 క్యాలరీల రోజు భోజనానికి ఒక లెక్క కట్టింది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. మన ఇళ్లలో ఈ లెక్క తిరగబడి ఉంటుంది. అన్నం కొండంత, పప్పు గరిటెడు, కూర నంజుడికి.

85 గ్రాముల పప్పు అంటే ఉత్త ముద్దపప్పు రోజూ ఎవరూ తినలేరు. పాతవాళ్ల తెలివి అక్కడే ఉంది. వాళ్లు పప్పుని పప్పుగిన్నెలోనే ఉంచలేదు. మజ్జిగ పులుసులో రుబ్బి కలిపారు, పువ్వు కూరలో పెసరపప్పుగా చల్లారు, ఆనపకాయ కూరలో నానబెట్టిన శనగపప్పు వేశారు, పొట్లకాయకి పెసరపప్పు జతచేశారు, గోరుచిక్కుడు కూరకి కందిపప్పు రుబ్బి జోడించారు, తాలింపులో మినప్పప్పు వేశారు, ఏమీ లేని రోజున కందిపొడి డబ్బా దింపారు. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైన మిథియోనిన్ బియ్యంలో దొరుకుతుంది. ఆ పేర్లేవీ వినని వాళ్లు రెంటినీ విడదియ్యకుండా వడ్డించారు.

ఈ విద్యకి అసలు పరీక్ష కార్తీకమాసం. సోమవారం పొద్దుణ్ణుంచీ ఉపవాసం ఉండి, నక్షత్ర దర్శనం అయ్యాక తినే నక్తం భోజనం సంగతి ఆలోచించండి. ఉల్లి, వెల్లుల్లి నిషిద్ధం. రోజంతా ఖాళీగా ఉన్న కడుపుకి ఘాటు పనికిరాదు, చప్పిడీ సయించదు. ఆ రాత్రి మా ఇంట్లో పెసరపప్పు, అరటికాయ నిమ్మకాయ కూర, కొబ్బరి పచ్చడి, గడ్డపెరుగు తప్పవు. ఉల్లిపాయ లేకపోతే కూరే లేదనుకునే పిల్లలకి ఆ నెల్లాళ్లూ అల్లం, ఇంగువ, కొబ్బరి ఏం చెయ్యగలవో తెలిసొస్తుంది.

రాత్రి భోజనం మాట వస్తే మా ప్రాంతంలో డొక్కా సీతమ్మగారి పేరు రాకుండా ఉండదు. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆ ఇల్లాలు ఇక్కడికి దగ్గరలోని లంకల గన్నవరంలో, గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకి వేళకాని వేళల్లో కూడా వండి పెట్టింది. ప్రభుత్వం 2024లో బడి మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టింది. అందరూ ఆవిడ దయని పొగుడుతారు, నాకు మాత్రం ఆవిడ వంటింటి ఏర్పాటు మీద ధ్యాస పోతుంది. అర్ధరాత్రి తలుపు తట్టిన మనిషికి భోజనం పెట్టాలంటే దయ ఒక్కటే చాలదు. అటక మీద జాడీలు ఉండాలి, డబ్బాల్లో పొడులుండాలి, వడియాలు, ఊరమిరపకాయలు ఎండి ఉండాలి, కుండలో మజ్జిగ ఉండాలి. ఆఫీసు నించి ఎనిమిదింటికి ఇల్లు చేరే ఈనాటి ఆడవాళ్లకీ మగవాళ్లకీ కావలసింది అదే సరంజామా. ఆదివారం పూట ఒక గంట పెట్టి కందిపొడి కొట్టుకుని, చింతపండు గుజ్జు తీసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, వారంలో కూర ఇరవై నిమిషాల పని. ఆవ మాత్రం ముందే నూరి పెట్టకండి, నిలవుంటే చేదెక్కుతుంది.

శనివారం రాత్రి అన్నం తినని ఇళ్లు మా దగ్గర ఇంకా చాలానే ఉన్నాయి. ఆ రాత్రికి ఫలహారం. ఫలహారం అంటే తక్కువ తిండి అనుకునేవాళ్లు ఉప్పుడు పిండి తిని ఉండరు. అడుగు మందంగా ఉన్న ఇత్తడి గిన్నెలో తాలింపు వేసి, ఒక గ్లాసు బియ్యపు రవ్వకి రెండు గ్లాసుల నీళ్లు పోసి, గుప్పెడు పెసరపప్పు, ఉప్పు, ఇంగువ వేసి, నీళ్లు మరిగాక రవ్వ పోసి మూతపెట్టి సెగ బాగా తగ్గించెయ్యాలి. పావుగంట దాటాక అడుగున ఎర్రటి చెక్కు కడుతుంది. దాని కోసం అన్నదమ్ములు కొట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు. దాంట్లోకి మాగాయ పెరుగు పచ్చడి ఉంటే ఇంకేమీ అడగరు.

మరీ ఆకలిగా ఉన్నవాళ్లకి దిబ్బరొట్టె. ఒక గ్లాసు మినప్పప్పు నానబెట్టి గట్టిగా రుబ్బి, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి పిండి కలపాలి. మందపాటి మూకుట్లో నూనె వేసి రెండంగుళాల ఎత్తున పిండి వేసి మూత పెడితే, సన్నసెగ మీద కాలడానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుంది. తొందరపడి సెగ పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. చెరుకు పానకంతో తింటే మనిషికి ఒక చెక్క చాలు. పిల్లలకి రెండో చెక్క కూడా ముందే తీసి పెట్టండి, ఎలాగూ అడుగుతారు.