రంగు కింది బండి

పాత మోటార్‌సైకిల్‌ను ఇంటి దగ్గర బాగుచేసుకునేటప్పుడు ఎక్కువ రోజులు పట్టేది పాత రంగు తీయడానికే. కొత్త రంగు వేయడం దాని తర్వాత చాలా చిన్న పని. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల చేతులు మారే పాత బళ్లలో చాలావాటి మీద కంపెనీ రంగు కనబడదు. ఒకరు నలుపు కొట్టిస్తారు, తర్వాత కొన్నవారు దానిమీదే ఎరుపు వేయిస్తారు, ఆపైన ఇంకొకరు డబ్బా స్ప్రేతో మ్యాట్ రంగు చల్లుతారు. ఆర్‌ఎక్స్ 100 ఇందుకు మంచి ఉదాహరణ. ఎస్కార్ట్స్‌తో కలిసి యమహా 1985 నుంచి 1996 వరకు మన దేశంలో తయారుచేసిన బండి ఇది. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజిను, 11 అశ్వశక్తి, వంద కిలోలకు కాస్త పైచిలుకు బరువు. తయారీ ఆగి ఇన్నేళ్లయినా దీన్ని వెతుక్కుని కొనేవాళ్లు తగ్గలేదు. అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టే అమ్మకానికి ముందు పైపైన రంగు కొట్టించడమూ ఎక్కువైంది.

కొనేటప్పుడు రంగును పట్టించుకోనక్కర లేదు. కాగితాలూ, ఛాసిస్ నంబరూ మాత్రం తప్పక చూడాలి. హిందూపురం రాష్ట్ర సరిహద్దు ఊరు. గౌరిబిదనూరు, మధుగిరి నుంచి వచ్చే బళ్లకు కర్ణాటక నంబరు ఉంటుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రం బండి ఇక్కడ పన్నెండు నెలలు దాటి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలి. అందుకు పాత ఆర్‌టీఓ ఆఫీసు ఇచ్చే ఎన్‌ఓసీ కావాలి. బండి వయసు పదిహేనేళ్లు దాటాక రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఈ రెండు పనులకూ బండి మీది నంబర్లు ఆర్‌సీలోని నంబర్లతో కలవాల్సిందే. హ్యాండిల్ కింద ఫ్రేము మీద కొట్టిన నంబరు రంగుతో పూడిపోతే థిన్నర్‌లో ముంచిన గుడ్డతో మెల్లగా తుడవాలి. అక్కడ ఉప్పుకాగితం పెట్టకూడదు. నంబరు గీతలు అరిగాయంటే మిగతా బండి ఎంత బాగున్నా కొన్నవారికి చిక్కే.

రంగు కింద సొట్టలు పూడ్చిన లప్పం ఎంతుందో తెలుసుకోవడానికి చిన్న అయస్కాంతం చాలు. పల్చటి గుడ్డలో చుట్టి ట్యాంకు మీద జరిపితే రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. అలా జారినచోట కింద పెద్ద సొట్టయినా ఉంటుంది, తుప్పు తినేసిన రంధ్రమైనా ఉంటుంది.

ఇక రంగు తీయడం. ఈ పనిలో అన్నిటికన్నా ఆసక్తికరమైన దశ ఇదే. ట్యాంకు అంచు దగ్గర 220 నంబరు కాగితంతో కొంచెం మేర ఏటవాలుగా రుద్దితే పొరలు వలయాలుగా బయటపడతాయి. పైన ఉన్నది నిన్నటి యజమాని ఇష్టం, దాని కింద అంతకుముందు యజమాని ఇష్టం, అట్టడుగున పల్చగా, గట్టిగా, నున్నగా ఉండేది కంపెనీ రంగు. అసలు రంగు ఏదో పక్కాగా తెలుసుకోవాలంటే ట్యాంకు అడుగుభాగం, సీటు కింద, సైడ్ ప్యానెళ్ల వెనక చూడాలి. తొందరపడిన పెయింటరు చెయ్యి అంతదూరం వెళ్లదు. ఆ పెయింటరును తప్పుపట్టడానికీ లేదు. సాయంత్రానికి బండి ఇచ్చేయమని అడిగే గిరాకీకి, ఇచ్చే కూలికి అంతకన్నా సమయం పెట్టలేడు. ఇంట్లో చేసుకునేవారికి అనుభవం తక్కువైనా సమయం ఉంటుంది. ఇంటి పని దుకాణం పనికన్నా బాగా వచ్చేది ఈ ఒక్క కారణంతోనే.

పెయింట్ రిమూవర్ జెల్‌ను ఇనుప భాగాలకే వాడాలి. ప్లాస్టిక్ ప్యానెళ్లను అది కరిగిస్తుంది కాబట్టి వాటిని కాగితంతోనే గీకాలి. జెల్‌ను ఆరుబయట, రబ్బరు గ్లౌజులూ కళ్లద్దాలూ పెట్టుకుని పూయాలి. రంగు ఉబ్బి ముడతలు పడ్డాక చెక్క లేదా ప్లాస్టిక్ పలకతో గీకాలి. అల్యూమినియం ఇంజిను కేసులకు కాస్టిక్ సోడా తగలనివ్వకూడదు, లోహాన్నే తినేస్తుంది. అక్కడ కిరసనాయిలు, బ్రష్షు, ఓపిక సరిపోతాయి. మడ్‌గార్డు, సైలెన్సరు, హెడ్‌లైట్ రింగు లాంటి క్రోము భాగాల మీద రంగు కొట్టిన బండి దొరికితే బాధపడక్కర్లేదు. చాలాసార్లు ఆ రంగే కింది క్రోమును కాపాడి ఉంటుంది. రిమూవర్‌తో తీసి, మిగిలిన తుప్పు చుక్కలను తడిపిన అల్యూమినియం రేకుతో రుద్దితే మెరుపు తిరిగి వస్తుంది.

విడిభాగాల తుప్పు తీయడానికి హిందూపురంలో దొరికే సరుకే పనికొస్తుంది. ఇక్కడి మార్కెట్ యార్డు చింతపండుకు పేరుపడినది. చింతపండు పులుపులో ఉండే టార్టారిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. నట్లు, బోల్టులు, చిన్న బ్రాకెట్లను చిక్కటి చింతపండు రసంలో రాత్రంతా నానబెట్టి ఇత్తడి బ్రష్షుతో తోమితే శుభ్రపడతాయి. ట్యాంకు లోపలికి మాత్రం చింతపండు పోయకూడదు. దాని పీచు పెట్రోలు కుళాయి జాలీలో ఇరుక్కుని కార్బురేటరు దాకా పోతుంది. ట్యాంకుకు నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లే మేలు. పెట్రోలంతా తీసేసి, ఆవిరి పోయేదాకా నీళ్లతో కడిగి, నిమ్మ ఉప్పు నీళ్లు నింపి ఒక రోజు ఉంచాలి. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే ఎండబెట్టి, టూ టీ ఆయిల్ కలిపిన పెట్రోలు లోపలంతా తిప్పాలి. తడి రేకు కొద్ది నిమిషాల్లోనే మళ్లీ తుప్పు పడుతుంది. పెట్రోలు మోసిన ట్యాంకుకు రంధ్రం పడితే ఇంట్లో వెల్డింగ్ పెట్టకూడదు. మిగిలిన ఆవిరి అంటుకుంటే ప్రాణాలకే ముప్పు. అది తెలిసిన పనివాడి దగ్గరే చేయించాలి.

రేకు తెల్లగా తేలిన రోజే ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. సొట్టలను ముందే టింకరింగ్ చేయించి, మిగిలిన కొద్దిపాటి పల్లానికే లప్పం పెట్టాలి. మందంగా పెడితే ఎండలో పగిలి అంచులు తేలుతాయి. పాత బండి మీద కనిపించిన పగుళ్లు చాలావరకు అలా వచ్చినవే. లప్పం మీద నల్లరంగు పల్చగా చల్లి 320 కాగితంతో రుద్దితే నలుపు మిగిలినచోట పల్లం ఉన్నట్టు. ఈ చిన్న ఉపాయం కంటికి అందని లోపాన్ని చూపిస్తుంది. తర్వాత సర్ఫేసర్, దానిమీద 600, 800 నంబర్ల వాటర్ పేపర్.

ఇక్కడే ఈ ప్రాంతపు నీళ్లు అడ్డుపడతాయి. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. వాటర్ పేపర్ పట్టాక ఆ నీళ్లు అలాగే ఆరిపోతే మిగిలే తెల్ల మరకలు రంగు కింద చెమ్మను లాగి, కొన్ని నెలలకు బొబ్బలు తేలుస్తాయి. చివరి కడుగుడుకు ఫిల్టరు నీళ్లు వాడి శుభ్రమైన గుడ్డతో తుడవాలి. గాలి సంగతీ అంతే. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టారంటేనే ఇక్కడి గాలి ఎంతటిదో తెలుస్తుంది. ఆషాఢ, శ్రావణాల్లో ఆరుబయట స్ప్రే గన్ పట్టుకుంటే రంగుతోపాటు దుమ్మూ అంటుకుంటుంది. నడివేసవి మధ్యాహ్నాల్లో రంగు రేకును చేరేలోపే సగం ఆరి గరుకుదేలుతుంది. వానపడ్డ రోజు లాకరు రంగు తెల్లబారుతుంది. పుష్య, మాఘాల్లో పొద్దెక్కి మంచు విడిచాక వచ్చే రెండు మూడు గంటలు ఈ పనికి అన్నిటికన్నా అనువైనవి.

రంగు ఎంపికలో ఒక మాట గట్టిగా చెప్పాలి. మామూలు స్ప్రే డబ్బా రంగు పెట్రోలుకు నిలవదు. మూత చుట్టూ నాలుగు చుక్కలు ఒలికితే మెత్తబడి ఊడుతుంది. హార్డెనర్ కలిపే పీయూ (పాలీయురేథేన్) రంగు, దానిమీది క్లియర్ పూత నిలుస్తాయి. కానీ ఆ హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తుల్లోకి పోతే జీవితాంతం వదలని ఉబ్బసం రావచ్చు. గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు. అందుకే రంగు తీయడం, లప్పం, ప్రైమర్, రుద్దుడు ఇంట్లో చేసుకుని, చివరి పీయూ పూతలు బూత్ ఉన్న పెయింటరుకు అప్పగించడమే సరైన పద్ధతి. సిద్ధంచేసిన ట్యాంకు చేతికొస్తే ఆ పెయింటరు కూడా మనసుపెట్టి చేస్తాడు. ఆర్‌సీలో రాసిన రంగే వేస్తే ఏ చిక్కూ లేదు. వేరే రంగు వేస్తే ఆర్‌టీఓ ఆఫీసులో మార్పు రాయించుకోవాలి.

విడిభాగాలు దొరకకపోతే హిందూపురం స్టేషన్లో బెంగళూరు రైలెక్కితే చాలు. జేసీ రోడ్డు దుకాణాల్లో కొత్తవి, శివాజీనగర్ గుజిరీలో పాతవి వెతుక్కోవచ్చు. పాత అసలు భాగాన్ని పాలిష్ చేసి పెట్టుకోవడం కొత్త డూప్లికేటు కొనడంకన్నా ఎప్పుడూ మేలు. బిగించేటప్పుడు ఫ్రేము మీద ఎర్త్ వైరు తగిలేచోట రంగు గీకాలి, లేకుంటే దీపాలు సరిగా వెలగవు. బ్రేకు పెడల్, స్టాండు తిరిగే చోట్ల పేరుకున్న పాత రంగు తీసి గ్రీజు పెట్టాలి. క్లియర్ పూర్తిగా గట్టిపడడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు బండి మీద కవరు కప్పకూడదు, వ్యాక్స్ పూయకూడదు. పెట్రోలు ఒలికితే వెంటనే తుడవాలి.