గృహాలంకరణమున ప్రాతవస్తువు : ఒక ఔచిత్యవిచారము

అలంకారశబ్దమును మన విమర్శకులు కావ్యమునకే కట్టుబెట్టి వాడుచు వచ్చిరి. గృహమునకును అలంకారము గలదనియు, దానికిని గుణదోషవిచారము సాధ్యమనియు తలచినవారు తక్కువ. నేడు నగరములందలి తెలుగువారి యిండ్లలో ప్రాతవస్తువులను తెచ్చి నిలుపు వాడుక బలపడినది. ఏడవ అంతస్తునందలి అపార్టుమెంటులో రోలు, గంగాళము, భోషాణము, చెక్కడపుపని గల ద్వారబంధము, ఉయ్యాలబల్ల, లాంతరు, ఒకానొకచోట తాళపత్రము సైతము కనబడుచున్నవి. దీనిని సంస్కృతి పునరుద్ధరణమని కొందఱు మెచ్చుచున్నారు; కలవారి వేడుకయని కొందఱు త్రోసివేయుచున్నారు. రెండును తొందరపాటు తీర్పులే. ఈ వస్తువులలో పెక్కింటికి మన వాఙ్మయముతో గాఢమైన సంబంధ మున్నది కావున, ఈ విచారము తెలుగుశాఖకు పరాయిది కాదు.

పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమున నుండిన క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చయందు, మొలనూలును మెడకును, హారమును నడుమునకును, అందెలను చేతులకును తగిలించుకొన్నవారు నవ్వులపాలగుదురను భావము నొకదానిని తెలిపియున్నాడు. ఆ నగలలో దోషము లేదు. చోటు తప్పుటయే దోషము. ప్రాతవస్తువును క్రొత్త యింటికి తెచ్చువారికి ఇంతకంటె సులభమైన కొలత దొరకదు. ప్రతివస్తువునకును మూడు సంబంధములు గలవు: అది చేయు పని, అది యుండు చోటు, దానిని పిలుచు పేరు. వీనిలో ఒక్కటియైనను క్రొత్త యింట నిలిచినచో ఆ వస్తు వుచితముగా వచ్చినట్లే. మూడును తెగినచో వస్తువు మిగులును గాని పదార్థము పోవును. పదార్థమను మాటకు వస్తువనియు, పదమునకు గల అర్థమనియు రెండర్థము లుండుట ఇచ్చట గమనింపదగినది.

ఉయ్యాలబల్ల అదృష్టవంతురాలు. మండువాలోగిలిలో టేకుదూలమునుండి గొలుసులతో వ్రేలాడిన ఆ బల్ల, నేటి యింటిలో కాంక్రీటు దూలమునకు బిగించిన కొక్కెములనుండి వ్రేలాడుచున్నది. దూలము మాఱినది, కూర్చుండువాని కాలు నేలను తన్నుట మాఱలేదు. దీపపుగూటి సంగతి వేఱు. మూరెడు మందముగల ప్రాతగోడలో గూడు సహజముగా నమరెను. నేటి నాలుగున్నర అంగుళముల అడ్డుగోడలో దానికి లోతు లేదు. అందుచే గూటి యాకారమును చెక్కతో చేయించి గోడకు పైనుండి అంటించుచున్నారు. గోడ లోపలికి పోవలసినది వెలుపలికి వచ్చినది. ఇది హారమును నడుమునకు కట్టుటయే.

ద్వారబంధమును గూర్చి కొంత నిలిచి చెప్పవలసియున్నది. తమిళనాడున చెట్టినాటి భవంతులు పడగొట్టబడినపుడు వాని తలుపులు, స్తంభములు కారైకుడి అంగళ్లకు చేరి, అచ్చటినుండి దూరనగరములకు పోవుచున్నవి. కోస్తాజిల్లాలలో పెంకుటిండ్లు విప్పినపుడును ఇదే జరుగుచున్నది. అట్లు వచ్చిన తలుపును కొందఱు పడుకోబెట్టి, కాళ్లు తగిలించి, పైన అద్దము పఱచి, భోజనపుబల్లగా చేయుచున్నారు. తలుపు తెఱచుటకును మూయుటకును ఏర్పడినది. ప్రాతద్వారము పొట్టిగను, గడప యెత్తుగను ఉండుటచే లోనికి వచ్చువాడు తల వంచి, కాలెత్తి రావలసియుండెను. పండుగనాడు గడపకు పసుపు పూసి కుంకుమ పెట్టుట ఆ కాలెత్తు చోటునకు చేసిన మర్యాద. ఆ గడపను దాటి లోనికి రాగూడనివారును ఊరిలో పెక్కుమంది యుండిరి. వారు అరుగు క్రిందనే నిలిచి మాటాడవలసి వచ్చెను. అద్దము క్రింద పరుండిన తలుపు ఆ మర్యాదనుగాని, ఈ అమర్యాదనుగాని జ్ఞప్తికి తేజాలదు. ఆ చెక్కడపుపని యెంత సుందరమైనను అది జ్ఞాపకమునకు రాని అందము. అదే తలుపును క్రొత్త యింటి పూజగదికో, మఱియొక గదికో తలుపుగనే నిలిపినవారును గలరు. వారికి నా మెచ్చుకోలు.

చెన్నపట్టణమునకు సమీపమున ముట్టుకాడులో 1996లో తెఱువబడిన దక్షిణచిత్ర యను ప్రదర్శనశాలలో దక్షిణదేశపు ప్రాతయిండ్లను, తెలుగునాటి వానితో కూడ, ఊడదీసి తెచ్చి తిరిగి నిలిపిరి. అచ్చట ఎవరును కాపురముండరు, పని పోయినది. అయినను గడప గడపచోటనే, గూడు గోడలోనే యున్నవి. ఇంటి యజమాని అంతపని చేయజాలడు నిజమే. కాని వస్తువును కొనుటకు ముందు అది యేయింటిలో ఏమూల నుండెనో ప్రదర్శనశాలలోనైనను చూచి రావచ్చును గదా.

ఇక రోలు. నేడు దీనిని గుమ్మముప్రక్కన నిలిపి, నీరు పోసి, పూవులు తేల్చుచున్నారు. చూడ ముచ్చటగనే యుండును. కాని ఈ రాతితో ఒక వాఙ్మయశాఖ యంతయు ముడివడియున్నది. నన్నెచోడుడు రోకటిపాటలను పేర్కొన్నాడు. అన్నమాచార్యుడు సువ్విపాటలను రచించినాడు. జానపదస్త్రీలు దంపుడుపాటలను, తిరగలిపాటలను బియ్యపుమరలు వచ్చువఱకు పాడుచునే యుండిరి. నేదునూరి గంగాధరముగారి వంటి సేకర్తలు ఊరూర తిరిగి జానపదగేయములను కూర్చిరి. 1958లో వెలువడిన బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపదగేయసాహిత్యము ఈ వాఙ్మయమునకు విశ్వవిద్యాలయమున పీట వేసినది. సువ్వి యను పల్లవి ఒట్టి యూతపదము కాదు. ఇద్దఱు స్త్రీలు ఎదురెదురుగా నిలిచి మార్చి మార్చి పోటు వేయునపుడు, ఒక రోకలి లేచునప్పటికి రెండవది దిగవలెను. ఆ లెక్క తప్పకుండ కాపాడునది ఆ పలుకే. పోటుతో ఊపిరి విడుచుట, రోకలి నెత్తుచు ఊపిరి పీల్చుట అను శరీరధర్మమే పాదముయొక్క నిడివిని నిర్ణయించినది. దంపు చూడని విద్యార్థి ఈ పాటలకు గణవిభజన చేయగలడు, లయను వినజాలడు. పూవులు తేలు రోలు అతనికి ఈ విషయమున ఏమియు చెప్పదు.

పోతనభాగవతము దశమస్కంధమున యశోద బాలకృష్ణుని రోటికి కట్టిన కథ అందఱెఱిగినదే. ఆ బాలుడు రోటి నీడ్చుకొనిపోయి, మద్దిచెట్ల జంటనడుమ అడ్డముపడునట్లు లాగి, వానిని కూల్చినాడు. కదల్చుటకు వీలై, అయినను కదల్చుటకు మిక్కిలి బరువైన వస్తువు రోలు; కథకు ఆ రెండు గుణములును కావలెను. నేలలో సిమెంటుతో బిగించిన అలంకారపురోటినే యెఱిగిన బాలునకు ఈ కథ అద్భుతముగా తోచవచ్చును గాని, అందలి ఇంటివాసన తగులదు.

ఇంత చెప్పి, రోటిపై ప్రీతికి నేను వకాల్తా పుచ్చుకొనుటలేదు. వేకువజామున లేచి పుట్లకొలది ధాన్యము దంచిన స్త్రీకి రోలు మధురస్మృతి యగునా? ఆ పాటలలోనే అత్తింటి యారళ్లును, పుట్టింటిపై బెంగయు గలవు. గంగాళమును చింతపండుతో తోమి తోమి చేతులు పాసినవారు ఇత్తడి తళుకును వేఱుగా చూతురు. నేడు ఆ తళుకు చెడకుండ పైన లక్కవంటి పూత పూయించుచున్నారు. తోముట తప్పినది, సంతోషమే. గడచిన కాలముపై బెంగ యనునది సామాన్యముగా అరుగుమీద కూర్చున్నవారి బెంగ, పెరటిలో పనిచేసినవారిది కాదు. అలంకరణమున ఈ భేదము కనబడదు. విమర్శలోనైనను కనబడవలెను.

రోటికి ఉచితమైన దారి లేకపోలేదు. పెండ్లిపనుల ప్రారంభమున పసుపు కొట్టుట నేటికిని మన యిండ్లలో నున్నది. ఏడాదిపొడుగున మూలనున్న రోలు ఆ దినమున నడింటికి వచ్చి, ముత్తయిదువల చేత రోకటిపోటు తినినచో దాని పదార్థము నిలిచినట్లే. సన్నికల్లును గూర్చియు అంతే. వంటయింటిలో మిక్సీ వచ్చి దానిని వెళ్లగొట్టినను, వివాహమంటపమున వధువు కాలు మోపుటకు అది కావలసియే యున్నది.

మూడవ సంబంధము పేరు. అంగడిలో ఈ వస్తువులన్నిటికిని ‘యాంటిక్ పీసు’ అను ఒకే పేరు. కోస్తావారి తిరగలి తెలంగాణమున ఇసుర్రాయి. అచ్చటి అర్ర ఇచ్చటి గది. కృష్ణా గోదావరీ మండలముల మండువాలోగిలిని చూచినవారు తెలంగాణపు భవంతినిగాని, రాయలసీమ మట్టిమిద్దెను, దాని కప్పులో వెలుతురునకై విడిచిన గవాచినిగాని దానితో కలుపరాదు. పూర్వపు సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వ్యవసాయపదములతో ప్రారంభించిన మాండలిక వృత్తిపదకోశములలో గృహనిర్మాణపదములకు ఒక సంపుటము కేటాయింపబడినది. బూదరాజు రాధాకృష్ణగారు దానిని కూర్చిరి. ఆ పదములు పనివాండ్ర నోటినుండి ఏరినవి. ఇంటి యజమాని ఒకడు తాను కొన్న పెట్టె భోషాణమో కావడిపెట్టెయో తెలిసికొని, బిడ్డలకు ఆ పేరుతో చెప్పినచో, అది పడకటింట బట్టలు దాచు పెట్టెగా మాఱినను నాకు అభ్యంతరము లేదు. కథకులలోను ఈ దోషమే చూచుచున్నాము. ప్రాతకాలపు వాతావరణము కొఱకు ఉట్టి, చేట, సెమ్మె, మరచెంబు అని పుటనిండ పేర్లు పేర్చెదరు. కథలో ఏ పాత్రయు ఆ చెంబు మరను త్రిప్పి నీరు త్రాగదు. అంగడివాడు పేరు లేకుండ వస్తువు నమ్మును, వీరు వస్తువు లేకుండ పేరు నమ్మెదరు.

అన్నిటికంటె బాధాకరమైనది తాళపత్రము. ప్రాతగ్రంథముల కట్టలను విప్పి, ఆకులను విడివిడిగా అమ్ముట, వానిని అద్దపుచట్రములలో బిగించి గోడకు తగిలించుట నేడు వింత కాదు. కొన్నింటిపై ప్రాతవ్రాత మీదనే క్రొత్తగా దేవతల బొమ్మలు గీయుచున్నారు. సి. పి. బ్రౌను (1798–1884) తన జీతపు సొమ్ము వెచ్చించి ఇట్టి కట్టలను కూర్పించి, సరిచూపించి, మేలుప్రతులు వ్రాయించినాడు. మన కావ్యముల పరిష్కరణమంతయు ప్రత్యంతరములపై ఆధారపడినది. ఒక కట్టలో ఒక యాకు పోయినచో కొన్ని పద్యముల పాఠాంతరములు పోవును. చివరి యాకు పోయినచో లేఖకుని పేరు, ఊరు, సంవత్సరము పోవును. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టము వాఙ్మయ చారిత్రక విలువగల లిఖితగ్రంథము 75 ఏండ్లు నిండినచో దానిని పురావస్తువుగా గణించుచున్నది. శిల్పాదులకు ఆ గడువు నూఱేండ్లు. చట్టము కట్టను కాపాడదలచినది. కట్ట విప్పబడి ఇంటింట ఒక్కొక్క యాకుగా చెదరిన పిమ్మట అది దేనిని కాపాడును?

తాళపత్రమునకు ఇరుప్రక్కల వ్రాయుట ఆచారము. చట్రమునందలి ఆకునకు రెండవప్రక్క గోడవైపు తిరిగియుండును. పరిచయస్థుల యిండ్లలో అట్టి చట్రము కంటబడినచో మన పరిశోధకవిద్యార్థులు సిగ్గుపడక అడిగి, యజమాని యనుమతితో వెనుకబిళ్లను ఊడదీయించి, రెండుప్రక్కలను ఛాయాచిత్రము తీసికొనవలెను. అంచున ఆకుసంఖ్య యుండిన దానిని, దారమునకు పొడిచిన రంధ్రములమధ్య దూరమును, ఆకు పొడవును వెడల్పును గుర్తించుకొనవలెను. ఒకే కట్టనుండి విడిపోయిన ఆకులు వేఱువేఱు ఊళ్లలో నున్నను, ఈ కొలతలచే వానిని తిరిగి ఒకచోట చేర్చి చదువుట సాధ్యము.