బూస్ట్ పెంచే ముందు

జపాన్‌లో డ్రిఫ్టింగ్ పెరిగింది ఖరీదైన గ్యారేజీల్లో కాదు, కొండదారుల్లో. 1970ల రేసుల్లో కునిమిట్సు తకహాషి కారును మలుపుల్లో అడ్డంగా జారుస్తూ పోతుంటే చూసి మురిసినవాళ్లలో కేయిచి సుచియా ఒకడు. రాత్రిపూట ఘాట్ రోడ్లెక్కి తనూ అదే సాధన చేశాడు. 1987లో వచ్చిన అతని 'ప్లస్పీ' వీడియో కుర్రకారుకు పిచ్చెక్కించింది. వాళ్లకు అందుబాటులో ఉన్నవి పాత కార్లే.

కొన్నేళ్లకు వాటిలో చేరిన, 1988లో వచ్చిన నిస్సాన్ ఎస్13 సిల్వియాకు కలిసొచ్చిందేమిటంటే, ఇంజిన్ ముందున్నా తిప్పేది వెనక చక్రాలనే. మన స్విఫ్ట్‌లో ముందు చక్రాలే లాగుతాయి గనక ఈ ఆట కుదరదు. 1991 నుంచి టర్బో సిల్వియాలో పెట్టిన రెండు లీటర్ల ఎస్ఆర్20డీఈటీ ఇంజిన్ ఫ్యాక్టరీ నుంచే 205 హార్స్‌పవర్ ఇచ్చేది. నేర్చుకునేవాడికి అది చాలు. అయినా కొత్తగా దిగినవాడు ముందు కొనేది పెద్ద టర్బోనే!

తెలిసినవాడు ముందు ఇంజిన్ బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ విప్పుతాడు. మలుపులో లోపలి చక్రం మీద బరువు తేలిపోయి, అదొక్కటే ఊరికే తిరుగుతుంది. బలమంతా అటే పోతుంది. దాన్ని అరికట్టే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కొనే స్తోమత లేకపోతే లోపలి చిన్న గేర్లను కలిపి వెల్డింగ్ చేసేస్తారు. ముందు ఆయిల్ జిడ్డు ఆనవాలు లేకుండా కడగాలి, లేకపోతే అతుకు నిలవదు. వెల్డింగ్‌లో చిట్లిన రవ్వ ఒక్కటి మిగిలినా బేరింగులు పోతాయి. ఆ తర్వాత పార్కింగ్‌లో కారు తిప్పితే లోపలి టైరు కిర్రుమంటూ గెంతుతుంది. ట్రాక్ మీద మాత్రం రెండు చక్రాలూ కలిసి జారతాయి.

ఇక ఒంటిని కదలనివ్వని బకెట్ సీటు, ముందుకు మంచి టైర్లు. వెనక్కి సెకండ్ హ్యాండ్‌వి చాలు, ఎలాగూ కాలిపోయేవే.

టర్బో వంతు అప్పుడు. ఎగ్జాస్ట్ వాయువు ఒక చక్రాన్ని తిప్పితే, అదే ఇరుసు మీదున్న రెండో చక్రం గాలిని కుదించి ఇంజిన్‌లోకి తోస్తుంది. కుదించిన గాలి వేడెక్కుతుంది, అందుకే ఇంటర్‌కూలర్. చిన్న టర్బో త్వరగా అందుకుంటుంది. క్లచ్‌ను ఒక్క తన్ను తన్ని వెనక భాగాన్ని జార్చేవాడికి కావలసింది ఆ చురుకే. పెద్దదైతే బూస్ట్, అంటే ఆ గాలి ఒత్తిడి, వచ్చేసరికి మలుపు అయిపోతుంది. ఏళ్లనాటి రబ్బరు హోసులు ఎక్కడో పగిలే ఉంటాయి. వాటిలోకి గాలి ఎక్కించి, పంక్చర్ షాపువాడిలా సబ్బు నీళ్లు పోసి, బుడగలొచ్చిన చోటు బాగుచేస్తే, పోయిన బలం కొంత పెద్దగా ఖర్చు లేకుండా తిరిగొస్తుంది. పెట్రోలు సరిపోను ఇవ్వకుండా బూస్ట్ పెంచితే నాకింగ్ మొదలై పిస్టన్లు పగులుతాయి. అడ్డంగా పోయే కారులో రేడియేటర్‌కు ఎదురుగాలి సరిగా తగలదు కూడా. ఆ సంగతి చాలామంది ఇంజిన్ ఉడికాకే గమనిస్తారు. మంచి రేడియేటర్, ఫ్యాన్, దాని చుట్టూ తొడుగు టర్బో కంటే ముందు కొనాల్సినవి.

ఫుకుషిమాలోని ఎబిసు సర్క్యూట్‌లో ఇలాంటి కార్లను చూడాలి. గోడకు కొట్టినా బాధలేని సాధన కారును అక్కడ 'మిసైల్' అంటారు. పగిలిన బంపర్‌కు చీలిక పొడవునా ఇరువైపులా రంధ్రాలు వేసి కేబుల్ టైలతో కుట్టేస్తారు, ఆ కుట్లు దాచరు.

ఇప్పుడు ఎస్13 చవక కాదు. డిమాండ్‌తో పెరిగిన ధరకు 'డ్రిఫ్ట్ ట్యాక్స్' అనే మాటే పుట్టింది. యూరప్‌లో చాలామంది కుర్రాళ్లు బీఎండబ్ల్యూ ఈ36 వైపు మళ్లారు. పెట్రోల్ ఈ36కు టర్బో లేదు, చాలామంది ఏళ్ల తరబడి పెట్టించరు కూడా. డిఫరెన్షియల్ మాత్రం మొదటి నెలలోనే వెల్డింగ్ షాపుకు వెళ్తుంది.